మత్తు లేని మందు

"మూడు దినాలు దగ్గొద్దు. తర్వాత సచ్చినా నాకు ఫికర్ లేదు."

నకిరేకల్ బస్టాండు పక్కన మందుల దుకాణం నడిపే వెంకటేశ్ ఆ మాటకు ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా సాలమ్మ. నెల కిందట ఆ వీధిలోనే గది కిరాయికి తీసుకుంది. గదిలో మంచం పట్టిన మైసయ్య కోసం తరచూ మందుకు వస్తుంది. కట్టుకున్నవాడి మీద ఇంత కక్ష ఉన్న ఆడమనిషిని అతను ఎక్కడా చూడలేదు.

ఒక సీసా తీసి ముందు పెట్టాడు. రెండు మూతలు తాగిస్తే దగ్గు ఆగుతుందని, కమ్మగా నిద్ర కూడా పడుతుందని చెప్పాడు. ఆమె సీసాను వెనక్కి నెట్టింది.

"నిద్రొచ్చేది వద్దు. తెలివితోని ఉండాలె. చేసిందంత యాదికుండాలె."

వెంకటేశ్ దవాఖాన చీటీ మళ్లీ చదివాడు. ఇరవై ఏళ్లు కంకర మిల్లులో పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. నయం కాదు, బాధ తగ్గించడమే. మత్తు లేని మందు వెతికి ఇచ్చి, దానితో పాటు ఆవిరి పట్టమన్నాడు.

సాలమ్మ గది తాళం తీసింది. బయటికి వెళ్లినప్పుడల్లా తాళం వేసే వెళ్తుంది. మైసయ్య దిండు కింద దాచుకున్న బీడీలు తీసి పొయ్యిలో పడేసింది. మిరియాల కషాయం ఇస్తే నిన్న దగ్గు ఇంకా ఎక్కువైంది. అందుకని ఈసారి అడ్డసరం ఆకు మరిగించి తేనె కలిపింది. మందు గంట చూసి పోసింది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించి, నమలొద్దంది.

ఇంటి యజమానురాలు గోవిందమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, ఇంత సేవ చేసే పెళ్లాం దొరకాలంటే పెట్టిపుట్టాలంది. మైసయ్య తల దించుకున్నాడు. సాలమ్మ గిన్నె కడుక్కుంటూ ఉండిపోయింది.

గోవిందమ్మ వెళ్లాక మైసయ్య చేతులు జోడించాడు.

"ఇడిసిపెట్టు సాలమ్మా. నన్ను సావనియ్యి."

"గంత అల్కగనా? ముందుగాల ఆవిరి పట్టు."

మర్నాడు సాయంత్రానికి దగ్గు తెరలు తగ్గాయి. ఆ రాత్రి అతను నాలుగు గంటలు నిద్రపోయాడు. ఆమె రెప్ప వేయలేదు.

మూడో రోజు పొద్దున్నే అతనికి ఉతికిన చొక్కా తొడిగి నల్గొండ బస్సెక్కించింది. పెద్ద దవాఖానకేమో అనుకుని గోవిందమ్మ దారిలో తాగడానికి వేడినీళ్లు పోసి ఇచ్చింది.

బస్సు దిగాక ఆటో కోర్టు ముందు ఆగింది. పోయిన వాయిదాకు మైసయ్య ఇక్కడి బోనులో పేరు చెప్పేలోపే దగ్గుతో కుప్పకూలాడు. ఇవాళ బోనెక్కి తిన్నగా నిలబడ్డాడు. సాలమ్మ వెనక బల్ల మీద కూర్చుని అతని గొంతునే చూస్తోంది. ముందు వరుసలో తెల్లచొక్కా వేసుకున్న మిల్లు యజమాని మాటిమాటికీ చెమట తుడుచుకుంటున్నాడు.

ఎవరి బలవంతమైనా ఉందా అని జడ్జి అడిగాడు. లేదన్నాడు మైసయ్య. అయితే చెప్పమన్నాడు జడ్జి.

"సాలమ్మ పెనిమిటి కాటమయ్యను కంకర మిషన్ల తోసి సంపింది నేనే సార్, తొయ్యమన్నది గీ సేటు" అన్నాడు మైసయ్య, ఒక్కసారి కూడా దగ్గకుండా.