పీట మాట్లాడదు

భర్త పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూటానికి తెచ్చిన కుర్చీలు సాయంత్రమే చర్చికి వెళ్లిపోయాయి. చీకటి పడ్డాక ఇంట్లో కెజియా ఒక్కతే మిగిలింది.

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో రోజంతా కాలితో మిషను తొక్కి వచ్చేదామె. రాత్రి గడియ పెట్టాక భర్త షాలేమ్ రాజు మంచం ముందు చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి వంగేవాడు.

"ఇప్పుడు నాను మనిసిని కానే, నీ పీటని," అనేవాడు.

ఆమె అతని వీపు మీద కాళ్లు చాపుకునేది. అది ఇద్దరికీ ఇష్టమైన ఆట, ఊళ్లో ఎవరికీ తెలియదు. పీట మాట్లాడకూడదు. "సాల్లే, ఇంక నెగు" అని ఆమె అనేదాకా లేవకూడదు. అతనికి డయాలసిస్ మొదలయ్యాక ఆమే మాన్పించింది.

ఈ రాత్రి మంచం అంచున కూర్చుని, అలవాటు కొద్దీ కాళ్లు చాపింది. అవి నేలకు దిగలేదు. వెచ్చటి వీపు మీద ఆగాయి.

"బావా, నువ్వేనేటి?"

పీట మాట్లాడదు కదా.

కాసేపటికి ఆ వీపు ఎడమవైపు వణకసాగింది. సూదులు గుచ్చీ గుచ్చీ సత్తువ పోయిన చెయ్యి అటువైపే. "నెగు" అని ఆ ఒక్క మాట అంటే అతను లేస్తాడు. లేస్తే వెళ్లిపోతాడు.

వణుకు ఎక్కువైంది. కెజియా ఏడుస్తూ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.