రెండో బ్యాగు

భర్త ఊరికి వెళ్తున్నాడు. కొత్త బ్యాగులో ఆమె అతని బట్టలు సర్దుతోంది. లోపలి అరలో ఓ కాగితం దొరికింది. ఒకటి కొంటే ఒకటి ఉచితం, రెండోది మా దుకాణానికి వచ్చి తీసుకోవాలి, గురువారంతో ఆఖరు అని ఉంది. ఆ రోజు గురువారమే.

"రెండోది తీసుకోలేదేమండీ?"

ఫోన్లో కొన్నది తన కోసమని, తనకు ఒకటి చాలని అన్నాడు భర్త. "రెండోది ఎవరికి? నువ్వెక్కడికి వెళ్తావ్ గనక? వెళ్ళినా నీ రెండు జతలు నా బ్యాగులో ఓ మూల పట్టవూ?"

ఆమె ఆ కాగితం కొంగున ముడేసుకుంది. జిప్పు మూసి, మాత్రలు పక్క అరలో ఉన్నాయని చెప్పింది. ఆదివారం వచ్చేస్తానని అతను బస్సెక్కాడు. బస్టాండు దాకా వచ్చి సాగనంపిన ఆమె అటు నుంచి అటే దుకాణానికి నడిచింది.

ఫోన్లో కొన్నవాళ్ళకు ఇవ్వరని, ఫోన్లోనే అడగమని కౌంటరు అమ్మాయి చెప్పింది. ఫోన్లో చూస్తే దుకాణంలో అడగమని ఉంది. గాజు తలుపు మీద మాత్రం 'ఉచితం' అని మనిషెత్తు అక్షరాలు.

"రమ్మని రాసింది మీరే. వచ్చాక పొమ్మంటే ఎలాగమ్మా?"

మేనేజరు వచ్చాడు. జనం లోపలికి అడుగు పెట్టాలని పైవాళ్ళు అలా రాయిస్తారని నసిగాడు. "ఒక్క బ్యాగుకి ఇంత రాద్ధాంతమా పెద్దమ్మా?"

"నీకది ఒక్క బ్యాగు నాయనా. ముప్పై ఏళ్ళుగా నేను ఇంకొకరి బ్యాగులో ఓ మూల సర్దుకుంటున్నాను. నా పేరున ఒకటి ఇస్తామని కాగితం మీద రాసి, ఇప్పుడు లేదంటారా? ఇచ్చేదాకా కదలను."

చెప్పులు వేసి చూసుకునే బల్ల మీద కూర్చుండిపోయింది. అంతవరకూ వెనక నిలబడి విసుక్కుంటున్న పెద్దమనిషి జేబులోంచి అదే కాగితం తీశాడు. "మా చెవుల్లో పువ్వులేమైనా కనబడుతున్నాయా మీకు?" అని మేనేజర్ని నిలదీశాడు. ఇంకో ఇద్దరు తమ కాగితాలు వెతుక్కోసాగారు. మేనేజరు గబగబా లోపల్నుంచి ఎర్ర బ్యాగొకటి తెప్పించి ఆమె చేతిలో పెట్టాడు.

కౌంటరు అమ్మాయి అలవాటు కొద్దీ, దీనికి చిన్న తాళం కూడా తీసుకుంటారా ఆంటీ అని అడిగింది. ఆమె తీసుకుంది.

చెప్పినట్టే భర్త ఆదివారం పొద్దున ఇంటికి వచ్చాడు. గురువారం సాయంత్రం తన రెండు జతలూ ఎర్ర బ్యాగులో సర్దుకుని వెళ్ళిన ఆమె తిరిగి రాలేదు.