జోలె పట్టని గడప

గేటు బయట కిన్నెర మోగింది.

అన్నం కలుపుతున్న తిరుమల చెయ్యి ఆగిపోయింది. ఆ వాయింపు ఆమెకు బాగా తెలుసు. రెండేళ్ళుగా దాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తూ, వింటూ, రాసుకుంటూ గడుపుతోంది. పాటగాడు దక్కలి భిక్షం హాలియా నుంచి నల్గొండకు, అందులోనూ ఈ ఇంటికి, ఎందుకొచ్చినట్టు?

"బిడ్డా, తిరుమలా. మీ అమ్మ గీ ఇల్లే చెప్పింది."

వరండాలో బియ్యం ఏరుతున్న ఇంటావిడ ప్రమీలమ్మ తలెత్తింది.

తిరుమల యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. కులాల పుట్టుక కథలు, వాటిని తరతరాలుగా మోసుకొస్తున్న గాయకులు ఆమె విషయం. హాస్టల్ గడువు అయిపోయాక గది కోసం తిరిగింది. పానగల్ రోడ్డులో ఎక్కడ అడిగినా అద్దె కన్నా ముందు కులం అడిగారు. నిజం చెప్పిన చోటల్లా గది అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉంది. చివరికి ప్రమీలమ్మ గేటు ముందు నిలబడింది.

"ఏమోళ్ళు మీరు?"

"కాపోళ్ళం" అంది తిరుమల.

ప్రమీలమ్మ ఆమెను కాసేపు చూసింది. "మేం గూడ గంతే" అని తాళంచెవి చేతిలో పెట్టింది.

ఆ మాటతో తిరుమల మరింత ఇరుక్కుంది. అమ్మను ఇటు రావద్దంది. గైడు ఫోన్ చేస్తే రోడ్డు మీదికి పోయి మాట్లాడేది. సర్టిఫికెట్లు పెట్టె అడుగున పెట్టి తాళం వేసింది.

ప్రమీలమ్మ ఒంటరి మనిషి. భర్త ఉద్యోగం బదిలీ మీద ఎప్పుడో ఈ ఊరొచ్చి ఇల్లు కట్టుకున్నారట. ఆయన పోయాక కూడా చుట్టాలెవరూ వచ్చిన జాడ లేదు. తోచని మనిషికి కళ్ళూ చెవులూ పదును. తిరుమల ఏం చేసినా "పక్కింటోళ్ళు ఏమనుకుంటరు" అనేది.

బోనాలప్పుడు ఒక రోజు ఉన్నట్టుండి అడిగింది. "మీ ఇంట్ల బోనానికి ఎట్ల చేస్తరు? పసుపు బొట్లు ముంగట పెడ్తరా, యాపమండలు ముంగట కడ్తరా?"

తిరుమల లైబ్రరీలో చదివిన పుస్తకం గుర్తు తెచ్చుకుని, కాపుల ఇళ్ళలో ఏది ముందో ఏది వెనకో వరసగా చెప్పింది. ఆదివారం నాడు ప్రమీలమ్మ కుండను అచ్చం అలాగే అలంకరించింది. పరీక్ష గట్టెక్కాననుకుంది తిరుమల.

ఇంకొకసారి రికార్డింగు వింటూ తలెత్తేసరికి, ప్రమీలమ్మ చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఎవలిదది?"

దాచి లాభం లేదు. తిరుమల చెప్పింది. దక్కలివాళ్ళు మాదిగల వంశాలు పాడతారు. మాదిగల ముందు తప్ప జోలె పట్టరు. దొర పిలిచి పెట్టినా ముట్టరు. బియ్యం పోసినవాళ్ళు తండ్రి పేరు చెబితే చాలు, ఆ పేరు ఎత్తుకుని తాత ముత్తాతల దాకా పోతారు.

"పాలమూరు దిక్కోళ్ళయి గూడ ఎరుకనా?"

"ఎరుకేనంట."

"అంటే యాడ దాసుకున్నా దొరుకుతరన్నట్టు." ప్రమీలమ్మ నవ్వలేదు. "జర సౌండు తగ్గియ్యి. పక్కింటోళ్ళున్నరు."

తెలిసే అన్నదా? ఆ అనుమానం తిరుమలను చాలా రోజులు కుట్టింది. థీసిస్ ఇచ్చే గడువు దగ్గర పడింది. ఇప్పుడు గది పోతే పుస్తకాలూ కాగితాలూ నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఏ గేటు ముందు నిలబడాలి?

ఇప్పుడా పాటలాయనే గేటు బయట ఉన్నాడు. లోపలికి రాడు. అది వాళ్ళ రివాజు. ఎండకు ముఖం కమిలిపోయింది.

తిరుమల ఎంగిలి చెయ్యి వెనక దాచుకుని గేటు దాకా వెళ్ళింది.

"ఇక్కడికెందుకొచ్చినవు తాతా? నేనే వస్తుంటి గద" అంది, వీలైనంత మెల్లగా.

"ఏడాదికోపారి నేనే నీ ఇంటికి రావాలె బిడ్డా. నువ్వు నా తానకొస్తే ఇగ నా హక్కేముంటది?" ముసలాయన నవ్వి, జోలె మూతి విప్పాడు. "ఇన్ని బియ్యం పొయ్యి. మీ ముత్తాత పేరెత్తి పోత."

వెనక వరండాలో బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది.

పోస్తే గది పోతుంది. పోయకపోతే, తన వాళ్ళ పేర్లన్నీ నోట్లో పెట్టుకుని ఇంత దూరం నడిచొచ్చిన మనిషిని కాదన్నట్టవుతుంది.

"నా దగ్గర బియ్యం లేవు తాతా. మెస్సుల తింటున్న."

వెనక దాచిన చేతికి అంటిన అన్నం మెతుకులు ఆరుతున్నాయి. భిక్షం ఆమె ముఖంలోకి చూశాడు. జోలె మూతి మెల్లగా మూశాడు.

అడుగుల చప్పుడు. ప్రమీలమ్మ లేచి వస్తోంది. ఏరిన బియ్యం చేటలో అలాగే ఉన్నాయి. గేటు దగ్గరికొచ్చి సందులో అటూ ఇటూ చూసింది. ఇక అడుగుతుంది. సామాను తీయమంటుంది.

అడగలేదు. చేటను గేటు మీదుగా చాచింది.

భిక్షం జోలెను చంకలోకి లాక్కుని ఒక అడుగు వెనక్కి వేశాడు. "తప్పు పట్టకు తల్లీ. మేం వేరేటోళ్ళ తాన పట్టం."

ప్రమీలమ్మ చేట దించలేదు.

"పట్టయ్యా, పాలమూరు దిక్కు కోస్గి మాదిగ బక్కయ్య బిడ్డను," అంది, "మా నాయిన పేరు జర మెల్లగ ఎత్తు, పక్కింటోళ్ళు ఇంటరు."