తిరగబడ్డ బొమ్మ

ఓరతై సన్న పట్టకారుని గాజుతొట్టిలో ఎడమవైపు ముంచింది. తెరమీద అది కుడివైపు నుంచి వచ్చింది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. తొట్టిలోని కండముక్కకి గాలిబుడగ అంటుకుంటే తీసేద్దామని పెట్టిన పట్టకారు అది. బయటికి లాగి మళ్లీ ఎడమవైపే పెట్టింది. మళ్లీ కుడివైపే కనిపించింది.

"ఓరతై, ఏం చేస్తున్నావమ్మా కింద?" గోడమీది స్పీకర్లోంచి డాక్టర్ ఖనిత్తా అరిచింది. మూడంతస్తుల పైన ఆపరేషన్ థియేటర్లో ఉందావిడ. "ముక్క పంపి పది నిమిషాలైంది. ఇక్కడ మనిషి నోరు తెరుచుకుని పడి ఉంది."

"గాలిబుడగ చేరింది డాక్టర్. రెండే రెండు నిమిషాలు."

"తొందరగా కానీ. ఇంకాస్త కొయ్యాల్సింది నాలుక కొనవైపా, గొంతువైపా అన్నది నీ బొమ్మ వస్తేగానీ తెలీదు. రెండువైపులా కోసిపారేద్దామంటే కుదరదు. ఈ లముల్ పాటకత్తె. ఖోన్ కెన్ చుట్టుపక్కల ఆవిడ పాట లేకుండా ఏ ఊళ్లోనూ జాతర జరగదు. మళ్లీ పాడిస్తానని మాటిచ్చాను."

స్పీకర్ ఆగిపోయింది.

ముక్కని కొన ఎడమకీ, గొంతువైపు కుడికీ ఉండేలా తొట్టిలో పెట్టడం ఓరతై పని. కాగితమంత పలచని వెలుగు ఆ ముక్కలోంచి సాగుతుంటే కెమెరా ఒక్కో పొరనీ ఫొటో తీస్తుంది. కాన్సర్ ఏ అంచుదాకా పాకిందో బొమ్మలో ఎర్రగా తేలుతుంది. పైవాళ్లు ఆ అంచు చూసే కత్తి పెడతారు.

ఆమె కెమెరా సెట్టింగులు తెరిచింది. పాత కెమెరా పాడైతే సోమవారం కొత్తది బిగించి, ఇవన్నీ తనే నింపింది. బొమ్మ వెడల్పు, ఎత్తు, ఒక్కో ఫొటోకి ఎంతసేపు వెలుగు పట్టాలి, వరసలు పైనుంచి కిందికి చదవాలా, కిందినుంచి పైకా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అట్టడుగున, పనిగట్టుకుని కిందికి జరిపితే తప్ప కనబడని చోట, చిన్న గడి ఒకటుంది. 'బొమ్మను ఎడమ నుంచి కుడికి తిప్పు.' ఖాళీగా ఉంది.

పాత కెమెరాకి అక్కడ టిక్కు ఉండేది.

వేళ్లమీద లెక్కపెట్టుకుంది. సోమవారం నుంచి నలుగురు. నలుగురికీ కాన్సర్ ఉన్న వైపు వదిలేసి, లేనివైపు కోసేశారన్నమాట. అందులో ఒకాయన నిన్ననే ఇంటికి వెళుతూ, చేతులు జోడించి, మామిడిపళ్లు ఇచ్చి మరీ వెళ్లాడు.

స్పీకర్ మీట దాకా చెయ్యి వెళ్లింది. కిందటేడు ఒక లెన్సు పగిలినందుకే తనకంటే ముందున్నామెని సాయంత్రానికల్లా పంపేశారు. ఇది లెన్సు కాదు.

'ముందు ఈవిడ గట్టెక్కనీ. వాళ్ల సంగతి ఆ తర్వాత నేనే చెబుతాను.'

గడిలో టిక్కు పెట్టింది. పట్టకారు ముంచి చూసింది. ఎడమ ఎడమకే వచ్చింది, కుడి కుడికే. బుడగ తీసేసి, బొమ్మ తీసింది. కుడి అంచు నిండా ఎరుపు. గొంతువైపు. ఎడమ అంచు కడిగినట్టుంది. ఒకటికి మూడుసార్లు చూసుకుని పైకి పంపింది.

"వచ్చింది," అంది ఖనిత్తా గొంతు. "అద్దంలా ఉంది. ఇక మేం చూసుకుంటాం."

ఓరతై ఒక తెల్లకాగితం తీసుకుని ఆ నలుగురి పేర్లూ రాసింది. నాలుగో పేరు దగ్గర కలం సాగలేదు. బల్లమీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ముప్పావుగంట తర్వాత తలుపు తోసుకుని తవీ వచ్చాడు. ఓరతై పంపే బొమ్మల్ని థియేటర్లో పెద్ద తెరమీద డాక్టర్లకి చూపించేది అతనే. చేతిలో జిగురన్నం బుట్ట, కాల్చిన కోడి పొట్లం ఉన్నాయి.

"లే చెల్లీ. అయిపోయింది, డాక్టరమ్మ కుట్లు వేస్తోంది. వేడివేడిగా తిందాం రా." ఆమె తల ఎత్తగానే ఆగాడు. "అదేంటే ఆ మొహం? ఈ కోడికి కూడా కాల్చేముందు ఇంత దిగులుండదు!"

"అన్నా, నేను మనుషుల ప్రాణాలు తీశాను."

"ఏం మాటలవి?"

కాగితం అతని ముందుకి తోసింది. "సోమవారం కొత్త కెమెరా పెట్టినప్పుడు ఒక్క టిక్కు మర్చిపోయాను. బొమ్మలన్నీ తిరగబడి వచ్చాయి. కొన ఉండాల్సిన చోట గొంతు, గొంతు ఉండాల్సిన చోట కొన. ఈ నలుగురికీ..." వెక్కి వెక్కి ఏడ్చింది.

తవీ గబగబా తలుపు మూసి వచ్చాడు. పొట్లం పక్కన పెట్టి, ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మెల్లగా నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! ఇందుకా ఏడుస్తున్నావ్? నేను సోమవారమే కనిపెట్టాను. థియేటర్లో ముక్క కోయగానే తీసిన ఫొటోకీ, నువ్వు పంపిన బొమ్మకీ పొంతన కుదరలేదు. ఆ మాట బయటపడితే నీ ఉద్యోగం ఊడుతుందని నోరు కట్టేసుకున్నాను. నీ దగ్గర్నుంచి ఏ బొమ్మ వచ్చినా దానంతటదే తిరిగిపోయేలా నా కంప్యూటర్లో పెట్టేశాను. ఆ నలుగురూ నిక్షేపంగా ఉన్నారు."

ఓరతై ఏడుపు ఠక్కున ఆగింది.

"ఇవాళ్టిదో?"

"అదీ తిప్పే చూపించాను కదా," అన్నాడు తవీ అన్నం బుట్ట మూత తీస్తూ. "కొనవైపు శుభ్రంగా కోసేసిందావిడ."