మైల

"వడగళ్లు పడుతుంటే శంఖం ఎవరూదారు?" ఊరి పెద్ద నోర్గే గుమ్మంలోనే నిలబడి అడిగాడు. అతని వెనక ఊరంతా ఉంది. కోతకొచ్చిన బార్లీ చేలన్నీ నేలమట్టమయ్యాయి.

సాంగ్పో నది లోయలో ఆ ఊరికి, శంఖమూది వడగళ్లను తరిమే పని సామ్డుప్‌ది. మబ్బు కమ్మేసరికి అతను బార్లీ కల్లు తాగి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. ఎంత లేపినా లేవకపోతే భార్య పెల్కీయే, వెండి రెక్క తొడిగి నీలిరాళ్లు పొదిగిన ఆ శంఖాన్ని మిద్దెపైకి తీసుకెళ్లి పెదవులు చిట్లేదాకా ఊదింది.

నోర్గే అడిగేసరికి, మొగుడికి జ్వరమని చెబుదామని ఆమె నోరు తెరిచింది.

అప్పటికి మత్తు దిగిన సామ్డుప్ ముందే అందుకున్నాడు. "ఇదే ఊదింది. వద్దన్నా వినలేదు. ఆడది ముట్టుకుని మైల చేస్తే దేవతలు ఊరుకుంటారా?"

ఎవరో గుప్పెడు వడగళ్లు తీసి ఆమె ముఖాన కొట్టారు. పెల్కీ మొగుడి వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"పొద్దు గుంకేలోగా దీన్ని ఊరు దాటించు," అన్నాడు నోర్గే.

జనం వెళ్లాక సామ్డుప్ గొంతు తగ్గించాడు. "కొన్నాళ్లు మీ అన్న దగ్గరుండవే. వీళ్ల కోపం చల్లారాక వచ్చి తీసుకొస్తా. పాపనిక్కడే ఉంచు."

పెల్కీ నిద్రపోతున్న పాపను వీపున కట్టుకుంది.

"నేను ముట్టుకుంటే మైలన్నావుగా. దీన్ని పుట్టినప్పట్నుంచీ ముట్టుకుంటూనే ఉన్నాను," అంది.