పట్టపగటి అరుంధతి

తెలంగాణ బంద్ వల్ల ఆ రోజు బస్సులు లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని పెళ్లి హాలుకు నడిచే వెళ్లాను. వాళ్ల పురోహితుడు రాలేనన్నాడట, బదులుగా పెళ్లి చేయించడానికి నన్ను పిలిచారు. నా భార్య విజయదుర్గ పోయి నాలుగు నెలలైందని ఫోన్లోనే చెప్పాను. భార్య లేనివాడు చేయించిన పెళ్లని రేపు ఎవరూ అనకూడదు.

"మాకు గసొంటి పట్టింపుల్లేవు పంతులూ, మీరు రాండ్రి" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

తలంబ్రాలయ్యాక జంటను ఆరుబయటికి తీసుకొచ్చాను. మిట్టమధ్యాహ్నం. ఆకాశం వైపు చెయ్యెత్తి, "అదిగో అరుంధతీ నక్షత్రం, కనిపించిందామ్మా?" అన్నాను. పగటి పెళ్లిళ్లలో ఈ ప్రశ్నకు అందరూ కనిపించిందనే అంటారు.

పెళ్లికూతురు రమ్య కళ్లు చికిలించి చాలాసేపు వెతికింది.

"ఏం కనిపిస్తలేదు అయ్యగారూ."

"కనిపించిందను పిల్లా, అవతల బువ్వ సల్లగైతున్నది" అని ఎవరో నవ్వారు.

"కనిపించకుంటే ఎట్ల చెప్పాలె?"

వెనక ఆడవాళ్లు గుసగుసలాడారు. నా గురించేనని అర్థమైంది. ఎత్తిన చెయ్యి దించలేక అలాగే నిలబడ్డాను. నడిచొచ్చిన కాళ్లు వణుకుతున్నాయి.

రమ్య ఆకాశాన్ని వదిలి నా వైపు చూసింది.

"ఆఁ, కనిపించింది. మీరు జర నీడకొచ్చి కూసోండ్రి."

మా పెళ్లినాడు ఉపవాసంతో ఎండలో నాకు కళ్లు తిరిగాయి. విజయదుర్గ కూడా ముందు ఆకాశం వైపు, తర్వాత నా ముఖం వైపు చూసి, కనిపించిందంది.

నిజంగానే చూసిందని ముప్పైనాలుగేళ్లు అనుకున్నాను.