తాడు చివర

తాడు తేలిగ్గా వచ్చేస్తోంది. మనిషి ఉన్న తాడు అలా రాదు. మైకు గబగబా లాగాడు. ఆఖరికి మంచు గడ్డకట్టిన ఉత్త కొస ఒకటి డేరా గుమ్మంలోకి వచ్చి పడింది.

"సార్, మా బావ తాడు ఊడిపోయింది," అన్నాడు.

గొంతు పెద్దదని ఆ సిపాయిని క్యాంపులో అందరూ మైకు అనే పిలుస్తారు. ఇప్పుడా గొంతు పక్కవాడికి కూడా సరిగ్గా వినపడలేదు. సార్జెంటు లేచి వచ్చి కొస చేతిలోకి తీసుకుని చూశాడు. తెగలేదు. ముడే విడిపోయింది.

బయట పొద్దున్నించీ మంచుతుఫాను. డేరా నుంచి స్టోరు గదికి మామూలుగా అయితే కేకవేటు దూరం. ఇలాంటి రోజున మాత్రం చాచిన చెయ్యి కూడా కనపడదు. రెండడుగులు పక్కకి పడితే మనిషి దొరికేది మంచు కరిగాకే. అందుకే తాడు. ఒక కొస డేరా గుంజకి, రెండో కొస నడుముకి. స్టోరుకి చేరగానే రెండుసార్లు లాగాలి. పొయ్యిలో కిరోసిన్ అయిపోయిందని డబ్బా పట్టుకుని వెళ్ళిన బావ ఇంతవరకూ ఒక్కసారి కూడా లాగలేదు.

"చేరే ఉంటాడులే," అన్నాడు సార్జెంటు.

"చేరితే లాగేవాడు సార్. నేను వెళ్తాను."

"కూర్చో. గాలి తగ్గనీ."

"తగ్గేదాకా మనిషి ఉంటాడా సార్? అసలు ఇవాళ వంతు నాది. నాకు దగ్గుగా ఉందని ఆయన వెళ్ళాడు. రేపు మా అక్కకి నేనేం చెప్పను?"

"నువ్వూ పోతే మీ అక్కకి ఇద్దరి సంగతీ నేను చెప్పుకోవాలి. అది ఆలోచించావా?"

 మైకు తాడు తన నడుముకి చుట్టుకోవడం మొదలెట్టాడు. ఎంత తిప్పినా ముడి పడటంలేదు. సార్జెంటు కాసేపు చూసి, తిట్టుకుంటూ తనే దగ్గరికొచ్చి బిగించి కట్టాడు.

"తాడు బిగిసేదాకా వెళ్ళు. బిగిసిందా, వెనక్కి వచ్చెయ్. మీ బావ కనపడినా సరే, కనపడకపోయినా సరే. విన్నావా?"

"విన్నాను సార్."

విన్నాడు గానీ, వినే మొహమైతే కాదది.

బయటికి అడుగు పెట్టగానే గాలి వెనకనుంచి వీపు మీద చెయ్యేసి తోసినట్టు తోసింది. పైనా కిందా ఒకటే తెలుపు. మైకు మోకాళ్ళ మీద వంగి, మంచుని చేతులతో తడుముకుంటూ కదిలాడు. బావ పడిపోయి ఉంటే మీద ఈపాటికి మంచు కప్పేసి ఉంటుంది. కాలికి తగలాల్సిందే గానీ కంటికి ఆనడు.

"బావా! ఓ బావా!"

చేతికి గుండ్రంగా ఏదో తగిలింది. తలకాయనుకుని పై ప్రాణాలు పైనే పోయాయి. తవ్వి చూస్తే ఖాళీ పీపా.

"బావా, పలక్కపోయావో, పేకాటలో నీ దొంగాటంతా అక్కకి చెప్పేస్తాను," అని అరిచాడు. ఎప్పుడూ ఆ మాటకి బావ ఎక్కడున్నా ఊరుకోడు, ఏదో ఒకటి అంటాడు. ఇప్పుడు గాలి తప్ప ఇంకేం లేదు.

ఇంకాస్త ముందుకి వెళ్ళేసరికి వేళాకోళం అడుగంటిపోయింది. ఏడుపొచ్చేసింది.

"బావా, ఎక్కడున్నావ్ బావా. నాకేం కనపడట్లేదు. భయమేస్తోంది బావా. ఒక్కసారి పలుకు."

పిలిచి పిలిచి దగ్గు తెర పట్టుకుంది. మంచులో బోర్లా పడి దగ్గాడు. లేచి మళ్ళీ నోరు తెరిస్తే గాలే వచ్చింది గానీ మాట రాలేదు. క్యాంపు మొత్తాన్ని నిద్రలేపే గొంతు, కావలసినప్పుడు మూగబోయింది. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. నోరు పెగలకుండానే చేతులతో తడుముకుంటూ ముందుకి పాకాడు. నడుము దగ్గర తాడు బిగుస్తోంది. ఇంకొక్క అడుగు, అంతే, ఆ తర్వాత తిరిగి పోవడమే. ఆ అడుగులో చేతికి చెక్కగోడ తగిలింది.

తలుపు తోసుకుని లోపల పడ్డాడు. స్టోరాయన దీపం పక్కన నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర నిండా కిరోసిన్ పోసిన డబ్బా. పొయ్యి మీద తీగకి ఆరేసి ఉన్నది బావ కోటు. పక్కనే సగం తాగిన టీ, ఇంకా పొగలు కక్కుతోంది.

మైకుకి ప్రాణం లేచొచ్చింది. కింద కూలబడి, ఏడుస్తూనే నవ్వాడు.

"బతికే ఉన్నాడు," అన్నాడు పీలగొంతుతో. "వచ్చి ఇక్కడ టీ తాగుతున్నాడా? అక్కడ మా గుండెలాగిపోయాయి. మరి తాడు లాగలేదేం?"

"లాగాడయ్యా. రెండుసార్లూ లాగి, విప్పి బయట కొక్కేనికి కట్టాడు. నా కళ్ళతో చూశాను. తాడు మంచులో కూరుకుపోయి మీకు తెలిసుండదు."

"పోనీలెండి. ఏడీ? లోపల దాక్కున్నాడా? రమ్మనండి, ఆయన పని చెప్తాను."

స్టోరాయన కదల్లేదు. మైకు నడుముకి గట్టిగా బిగించి ఉన్న తాడునే చూస్తున్నాడు.

"నువ్వు తాడుతోనే వచ్చావా?" అన్నాడు. "దారి తప్పి పిలుస్తున్నావనుకున్నాం కదయ్యా. నీ గొంతు ఆగిపోగానే, ఎంత పట్టుకున్నా విదిలించుకుని, ఒంటి మీద కోటు కూడా లేకుండా నీ కోసం పరిగెత్తాడు."